కలెక్టర్ గారి వాన

మూడో తరగతి చదివే మా చిన్నాడికి ఎనిమిదో ఎక్కం ఇంకా రాలేదు. ఎనిమిదారులెంతరా అంటే ఫ్యానుకేసి చూస్తాడు. అదే ఆరెంజ్ అలర్ట్ అంటే ఏమిట్రా అని అడగండి. ఇరవైనాలుగు గంటల్లో 115.6 మిల్లీమీటర్ల నుంచి 204.4 దాకా, అది దాటితే రెడ్డు అని పాయింటుతో సహా ఒప్పజెబుతాడు. వాళ్ల స్కూల్లో దశాంశాలు ఇంకా మొదలే పెట్టలేదు.

వాడి శాస్త్రం ప్రకారం వాన కురిపించేది వరుణుడు కాదు, కలెక్టరు. వానొస్తే బడికి సెలవిచ్చేది ఆయనే కాబట్టి, ఆ వానను తెప్పించేదీ ఆయనే అయ్యుండాలి. మబ్బు పట్టిందంటే సాయంత్రం ఆరింటినుంచే అక్కా తమ్ముడూ టీవీ ముందు కూర్చుని కింద స్క్రోలింగు చదువుతారు. తెలుగు వాచకం అంత శ్రద్ధగా చదివితే ఈపాటికి అవధానాలు చేసేవాళ్లు.

పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుది ఇంకో గోల. ఎవరో ఒకరు పోయినేడాది ఉత్తర్వును తేదీ చూడకుండా పంపుతారు. పదిమంది దండాల బొమ్మలు పెట్టాక, పదకొండో ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి పాతదంటాడు. అసలైంది ఎప్పుడొస్తుందంటారా? తడి సాక్సుల మీద ఇస్త్రీపెట్టె తిప్పి, క్యారేజీలో పులిహోర సర్ది, పిల్లల్ని మెట్లు దింపి, గేటు దగ్గర గొడుగు విప్పాక. ఆ వెనకే స్కూలువాళ్ల మెసేజీ: సెలవే గానీ పదింటికి ఆన్‌లైన్ క్లాసు, దానికి బదులు రెండో శనివారం పనిదినం. ఇచ్చిన సెలవుకు వడ్డీ కూడా వసూలు చేసే వ్యాపారం దేశంలో ఇదొక్కటే.

సెలవు తప్పని నేననను. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం ఇళ్లమీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అలాంటి రోజున పిల్లలు ఇంట్లో ఉండటమే అదృష్టం. హైదరాబాద్‌లో మూడో అంతస్తులో కూర్చుని పులిహోర గురించి ఏడ్చేవాడికి ఆ మాట అప్పుడప్పుడూ ఎవరైనా గుర్తుచేయాలి. అదే నెల సైబరాబాద్ పోలీసులు ఐటీ ఉద్యోగుల్ని విడతలవారీగా లాగవుట్ అవమన్నారు. రోడ్ల కోసం చెప్పిన మంచి మాట. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నవాడు మాత్రం ఏ విడతలో లాగవుట్ అవ్వాలో ఏ పోలీసూ చెప్పలేదు.

మొన్నటి వానకు మా ఆఫీసు ఇంటినుంచి పనిచేయమంది. మా ఆవిడది బ్యాంకు. బ్యాంకుకు వాన సెలవుండదు. రెయిన్‌కోటు వేసుకుంటూ ఒకే మాట అంది: "ఇంట్లోనే ఉన్నారుగా." ఈ రెండు పదాల్లో ఏమేమి ఇమిడి ఉంటాయో పెళ్లయినవాళ్లకు చెప్పక్కర్లేదు. పాలు పొంగకుండా చూడటం, ఆన్‌లైన్ క్లాసులో చిన్నాడి మొహం కనబడేలా చూడటం, నీళ్ల మోటారు, మా అమ్మ బీపీ మాత్ర, అన్నీ అందులోవే.

పదకొండింటికి కరెంటు పోయింది. నా ల్యాప్‌టాప్‌ను ఫోను డేటా మీద నడిపించుకున్నాను. పిల్లల క్లాసు ఆగిపోయింది. ఫోనివ్వమని యుద్ధం మొదలయ్యేలోపు మా అమ్మ లేచి చింతపండు డబ్బాలోంచి నాలుగు గింజలు ఏరింది. "పదండ్రా, అష్టాచెమ్మా నేర్పిస్తా."

గింజను ఒకవైపు తెల్లగా అరగదీయాలి కదా. మా ఇంట్లో అన్నీ నున్నటి టైల్సు. వాటిమీద చింతగింజ జారుతుందే తప్ప అరగదు. లక్షలు పోసి కొన్న ఫ్లాటులో ఒక చింతగింజ అరగదీసే చోటు లేదని ఆవేళే తెలిసింది. చివరికి గిన్నెలు తోముకునే చోట సిమెంటు గట్టు దొరికింది. అరగంట సేపు పరపరమని ఒకటే రుద్దుడు. రుద్దితే గింజ కాలుతుందని పెద్దది కనిపెట్టి తమ్ముడి మోచేతికి అంటించింది. వాడు కెవ్వుమన్నాడు. నేను మీటింగులో మ్యూట్‌లో ఉన్నాను కాబట్టి ఉద్యోగం నిలిచింది.

తర్వాత అంత అదృష్టం లేదు. ముగ్గురూ హాల్లో సుద్దముక్కతో గళ్లు గీసుకుని నా కుర్చీ వెనకే కూర్చున్నారు. మా మేనేజరు నరసరావుపేట మనిషి. "ఈ పని ఎన్ని రోజుల్లో అయిపోద్దయ్యా?" అన్నాడు. నిజానికి వారం చాలు. పది అడిగితే ఏడుకు ఒప్పుకుంటాడని రాత్రే లెక్కేసుకున్నాను. గొంతు సవరించుకుని మ్యూట్ తీశాను. సరిగ్గా అప్పుడే నాలుగు గింజలూ తెల్లగా పడ్డాయి.

"చెమ్మా!" అని అరిచాడు చిన్నాడు.

"నాలుగా? శభాష్!" అన్నాడాయన. అది చింతగింజల లెక్కండీ అనేలోపు ఎక్సెల్‌లో నాలుగు కొట్టేశాడు. ఆయన కూడా చిన్నప్పుడు ఆడినవాడే, పైగా తొండి ఆట ఆడి ఉంటాడని నా అనుమానం. ఆ వెంటనే మా అమ్మకు అష్టా పడింది. ఏం లాభం? ఒక్క పందెం ముందు పడుంటే నాకు ఎనిమిది రోజులు దక్కేవి.

సాయంత్రం మా ఆవిడ తడిసి ముద్దై వచ్చి హాలంతా చూసింది. నేలమీద సుద్దగీతలు, సోఫామీద పులిహోర మెతుకులు, బ్యాటరీ అయిపోయిన ల్యాప్‌టాప్, దాని పక్కన నేను. "ఏంటండీ, ఇంట్లోనే ఉన్నారుగా?" అంది. అప్పటికి వాన వెలిసి ఎండ కూడా కాసింది. సెలవు ప్రకటించిన రోజు కాయకపోతే అది హైదరాబాద్ ఎండ కాదు.

రాత్రి తొమ్మిదింటికి అలర్టు ఎల్లోకి దిగింది. పిల్లలు కిటికీ దగ్గర నిలబడి ఆకాశాన్ని బతిమాలారు. నేను వంటింట్లో వెంకన్నకు మొక్కుకున్నాను. మధ్యలో ఆయన ఎవరి మాట వినాలి? ఈసారి నా మాటే విన్నాడు. రేపు స్కూళ్లున్నాయని స్క్రోలింగు వచ్చింది. ఆ వెనకే మా ఆఫీసు మెయిలు: రేపు కూడా ఇంటినుంచే.

పొద్దున్న గేటు దగ్గర బస్సొచ్చి ఆగింది. లుంగీ మీదే దింపడానికొచ్చిన నన్ను చిన్నాడు పైనుంచి కిందిదాకా చూశాడు. మెట్టెక్కబోతూ ఆగి, బస్సంతా వినేలా అడిగాడు:

"నాన్నా, నీకు సెలవిచ్చింది ఏ కలెక్టరు?"