నీళ్లు పక్కింటికి పంపే శాస్త్రం

వాతావరణం మారితే నగరాలు మునిగిపోవు, సర్దుకుంటాయి అంటూ అమెరికా ఆర్థికవేత్త మాథ్యూ కాన్ 2010లో ‘క్లైమటోపాలిస్’ అనే పుస్తకం రాశాడు. ముప్పున్న చోట ధరలు తగ్గుతాయట, జనం మెరకకు తరలిపోతారట, వ్యాపారులు కొత్త సరుకు కనిపెడతారట. ఈ మాట నమ్మేవాళ్లను ఓ వానాకాలం హైదరాబాద్‌లోని సరూర్‌నగర్ చెరువు దిగువన, ఏ కోదండరాం నగర్‌లోనో కింది వాటాలో అద్దెకు ఉంచాలి.

ఆ చుట్టుపక్కల సర్దుబాటు శాస్త్రం ఎప్పుడో పండింది. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్త సీసీ రోడ్డు పోస్తారు. రోడ్డు జానెడు లేస్తే ఇళ్లు జానెడు దిగినట్టే. డబ్బున్నాయన గడప ఎత్తు చేసి, గేటు ముందు ర్యాంపు కట్టిస్తాడు. ఇంకా ఉన్నాయన పాత ఇల్లు పడగొట్టి, స్తంభాల మీద నాలుగంతస్తులు లేపుతాడు. వాన నీటికి ఆ ఇళ్లలో ప్రవేశం లేదు కనుక పక్కింటికి వెళుతుంది. యజమాని పై అంతస్తుకు మారతాడు, కింది వాటాకు టులెట్ బోర్డు వేలాడుతుంది. ఆ బోర్డు మీద వరద మాట ఉండదు. ధరలే అన్నీ చెబుతాయన్న సిద్ధాంతం ఇక్కడ కాస్త నత్తి పడుతుంది.

2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన కొట్టింది. ఎల్బీనగర్ పరిసరాల్లో కాలనీలకు కాలనీలే నీళ్లలో నిలబడ్డాయి. అలాంటప్పుడు సెల్లార్లో మునిగిన కారుకు తాళం తిప్పితే ఇంజిన్ పట్టేస్తుంది. మామూలు బీమా పాలసీలో ఆ నష్టానికి సాధారణంగా పైసా రాదు. మునగడం దైవాధీనం, తాళం తిప్పడం మాత్రం మీ నేరం! అందుకు ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ అని వేరే ప్రీమియం ఉంది. కొత్త సరుకు కనిపెట్టడమంటే ఇదే కాబోలు.

ఎండాకాలానిదీ అదే లెక్క. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఏసీ గదికి ఎక్కువ కట్టగలిగినవాడికి చల్లదనం, ఇరుకు సందులో ఎదురు కిటికీవాడికి వేడిగాలి. ఇంటికప్పుకు తెల్లపూత వేస్తే ఎదుటివాడికి వేడి పంపకుండానే గది చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో దీనికోసం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. కానీ తెల్లపూతకు ఈఎంఐ ఆఫర్లుండవు, పండగ డిస్కౌంట్లుండవు, ఇక ఏసీల షోరూముకు దానితో ఏం పని?

2020 వరద తర్వాత ప్రభుత్వం ఇంటికి 10,000 రూపాయలు ప్రకటించింది. నవంబర్‌లో మీసేవ కేంద్రాల ముందు జనం బారులు తీరారు. జీహెచ్‌ఎంసీ ఎన్నికలున్నాయని ఎన్నికల సంఘం ఆ పంపిణీని మధ్యలోనే ఆపేసింది. నీటి మార్గం వెడల్పు చేసే నాలాల అభివృద్ధి పథకం 2021లో గానీ రాలేదు. ఎంత డబ్బున్నవాడైనా ఒంటరిగా కొనుక్కోలేని సరుకు అదొక్కటే మరి.

నాలా బాగుపడిన చోట అద్దె పెంచడం యజమానికి చిటికెలో పని. కట్టలేనివాళ్లు సామాను ఆటోలో వేసుకుని మరో పల్లపు కాలనీ వెతుక్కుంటారు. పుస్తకంలో చెప్పిన వలస ఇదే, కాకపోతే మెరకవైపు కాదు.