తృణసంజీవని: ఒక జట్కావాని వాక్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక

గోదావరిమీద రోడ్డు రైలు వంతెన 1974లో తెరువబడుటకు ఎన్నో యేండ్లు మునుపు, కొవ్వూరు చేరవలెనన్నవారికి 1900 నాటి హేవలాకు వంతెనమీది రైలో, రేవునుండి సాగు లాంచియో తప్ప గత్యంతరము లేని దినములలో, అణాలు ఇంకను చెల్లుచున్న కాలమున, ఒక పుష్యమాసపు ప్రాతఃకాలమందు మా మేనమామగారును నేనును రాజమహేంద్రవరము స్టేషను వెలుపల నిలిచియుంటిమి. మంచు నదిని, రేవును, ఎదుటి మనుష్యుని ముఖమును సమదృష్టితో కప్పివేసియుండెను. మాకు దొరకిన జట్కా ఒక్కటే. దాని గుఱ్ఱము తన ముందున్న గడ్డివంక, అత్తవారింట అలిగిన అల్లుడు విస్తరివంక చూచినట్లు చూచుచుండెను. మేనమామగారు తెలుగు పండితులగుటచేత, నోరులేని ప్రాణిని విడిచి నోరున్న ప్రాణిని కారణ మడిగిరి. అప్పుడు వెలువడినది ఈ మూలము.

మూలము

“చలి కదండీ పంతులుగారూ, గుర్రం గడ్డి ముట్టట్లేదండీ. ఆయ్.”

ఇంత చిన్న వాక్యమునకు ఇంత పెద్ద వ్యాఖ్య యేల యందురేని, సూత్రము ఎంత చిన్నదైన భాష్యము అంత పెద్దదగుట మన దేశాచారము. మూలమున లేనిది వ్రాయకుండుటయు, అక్కరలేనిది పలుకకుండుటయు మల్లినాథసూరి తనకు విధించుకొనిన నియమములు. అందు మొదటిదానిని శక్తికొలది పాటింతును. రెండవదానిని పాటించితినేని ఈ వ్యాఖ్యయే పుట్టదు. ఆ మహానుభావుని కిరాతార్జునీయవ్యాఖ్యకు ఘంటాపథమని పేరు. గంట మ్రోగించుచు పోవు జట్కాకు అంతకన్న తగిన పేరు లేకున్నను, పరుల పేరు పెట్టుకొనుట మర్యాద గాదని మానితిని. సంజీవని యన్న పేరు మాత్రము ఆయనయే మూడు కావ్యముల వ్యాఖ్యలకు వాడియున్నందున, నాలుగవమారు వాడుట దోషము కాబోదని నిశ్చయించి దీనికి తృణసంజీవని యని పేరిడితిని.

ప్రతిపదార్థము

చలి = శీతము. ఇది హిమాలయపు శీతము గాదు, గోదావరీతీరపు శీతము. పుష్యమాసపు తెల్లవారుజామున గూడ 18 డిగ్రీల సెంటీగ్రేడునకు అటునిటుగా నుండి, పెద్దలకు మఫ్లరు చుట్టుకొనుటకు సాకును, పిల్లలకు భోగిమంట వేయుటకు ఉత్సాహమును మాత్రము సమకూర్చునది.

కద = ప్రసిద్ధిని తెలుపునది. విన్నవానికి సంగతి ముందే తెలిసియున్నట్లు భావించి, వాడు మరల ప్రశ్నింపకుండ ద్వారబంధము చేయునది.

అండీ = గౌరవార్థకము. తక్కిన సీమలలో వాక్యము క్రియతో నిలుచును. ఉభయ గోదావరులలో దీనితో నిలుచును.

గుర్రం = అశ్వము; విశేషించి తట్టువ. పక్కటెముకలు లెక్కకు అందుచుండెను గావున ఉచ్చైశ్శ్రవము కాదని గ్రహింపవలెను.

గడ్డి = తృణము. వివాదమంతయు ఈ రెండక్షరములలోనే యున్నది, మీద విచారింపబడును.

ముట్టట్లేదు = ముట్టుటలేదు. స్పృశింపదని వాచ్యార్థము, తినదని లక్ష్యార్థము. నేను చూచుచుండగా ఆ గుఱ్ఱము గడ్డిని ముట్టినది, మూచూచినది, మూతితో ప్రక్కకు నెట్టినది. గావున ఇచట వాచ్యార్థము బాధితము.

ఆయ్ = అవ్యయము. చెప్పినదెల్ల నిజమని ప్రమాణము చేయుట, విన్నవారి ఆజ్ఞకు సిద్ధమనుట, సంభాషణ ఇంతటితో ముగిసినదని సూచించుట అను మూడు ప్రయోజనములను ఒక్క ఉచ్ఛ్వాసమున నెరవేర్చునది.

వ్యాకరణ విశేషము

“ముట్టట్లేదు” అను రూపమునకు 1858 నాటి బాలవ్యాకరణమున చిన్నయసూరి సూత్రము కల్పింపలేదు. అయినను దీనిని అసాధువని త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఏలయన 1919లో కందుకూరి వీరేశలింగము అధ్యక్షుడుగా వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజము వెలసినది ఈ పట్టణముననే గదా. ఆ ఊరి జట్కావాడు వ్యావహారికమున మాటలాడుట వాని పౌరహక్కు. గ్రాంథికమునకును గుఱ్ఱములకును సంబంధమే లేదందురా? వ్యాసభారతమున నకులుడు విరాటుని కొలువున అశ్వములను కాచునపుడు పెట్టుకొనిన పేరు గ్రంథికుడు. ఈ వ్యాఖ్యాత గ్రాంథికుడు. అక్షరమాత్ర భేదముతో అధికారము సిద్ధించినది.

పాఠాంతరము

లంకలలోను కోనసీమలోను కొందరు “గుర్రం” అనుచోట “గేదె” యని పఠింతురు. ఈ పాఠమున అర్థము వేఱగును. సార్వా చేను కోతకు రాకమునుపే తడిమడిలో చల్లిన పిల్లిపెసరయు జనుమును కోత అయిన పిమ్మట పచ్చగా తలయెత్తును. దాని రుచి మరిగిన గేదె మేటినుండి లాగిన ఎండుగడ్డిని మూతితో త్రోసి, తవుడు కలిపిన కుడితికి మాత్రమే తల వంచును. అది చలిచేత కలిగిన అరుచి గాదు, పోలికచేత కలిగిన వివేకము. ఇందలి కొంత భాగము గుఱ్ఱమునకును వర్తించును. ఏటినీరు తీసిన లంకలలో లేతగడ్డి మొలచు ఋతువున, ఒకపూట దానిని మేసిన తట్టువ మఱునాడు ఎండుమోపును మెచ్చదు.

పూర్వపక్షములు, వాని ఖండనము

చలిచేత ఆకలి మందగించునని మొదటి వాదము. ఇది శాస్త్రవిరుద్ధము. హేమంతమున జఠరాగ్ని బలపడునని చరకసంహిత చెప్పుచున్నది. నేటి పశువైద్యులును మాట మార్చి ఇదే చెప్పుదురు: గుఱ్ఱము తినిన పీచుమేత పెద్దప్రేవులలో సూక్ష్మజీవులచే పులిసి అరుగునపుడు వేడి పుట్టును, గావున శీతలదేశములలో చలి ముదిరినకొలది గుఱ్ఱమునకు గడ్డి తగ్గింపరు, పెంచుదురు. దేహభారములో నూటికి 2 పాళ్లు ఎండుమేత సామాన్యపు లెక్క. 250 కిలోల తట్టువకు దినమునకు 5 కిలోలు. మంచుగడ్డల నడుమ నిలిచి గుఱ్ఱములు దీనిని మించి తినుచుండగా, మఫ్లరుతో పోవు మన చలికి మన తట్టువ ఉపవసించుననుట హాస్యాస్పదము.

గుఱ్ఱములకు గడ్డి తినకుండుట సహజగుణమే కావచ్చునని రెండవ వాదము. దీనికి దృష్టాంతములు రెండు గలవు. సూర్యరథపు సప్తాశ్వములు మకరరాశి చేరినను మేతకై ఆగినట్లు ఏ పురాణమును చెప్పదు. ధవళేశ్వరమున 1852 నాటికి ఆనకట్ట పూర్తిచేసి ఈ సీమకు అన్నము పెట్టిన కాటన్ దొర విగ్రహములలో ఆయన నెక్కించుకొని డెల్టా గ్రామముల నిలిచియున్న గుఱ్ఱములు ఎండకు వానకు చలికి చలింపవు, గడ్డియు అడుగవు. మొదటివి దేవతలవి, రెండవవి సిమెంటువి. జట్కాగుఱ్ఱము ఈ రెంటిలో దేనియందును చేరదు గావున దృష్టాంతములు చెల్లవు.

దంతదోషమని మూడవ వాదము. ఇది గౌరవింపదగినది. గుఱ్ఱమునకు పైదవడ వెడల్పు, క్రిందిదవడ ఇరుకు. పండ్లు జీవితమంతయు పైకి వచ్చుచునే యుండును. నమలగా అరుగని అంచులు కత్తులై బుగ్గను నాలుకను కోయును. అట్టి గుఱ్ఱము గడ్డిని నోట పెట్టుకొని సగము నమిలి ఉండలుగా జార్చును. మన గుఱ్ఱము నోట పెట్టుకొననే లేదు. నేలమీద ఉండలును లేవు. గావున ఈ వాదము ఇచట నిలువదు.

నీటిలోపమని నాల్గవ వాదము. ఇది సగము గెలిచినది. రాత్రియంతయు మంచులో చల్లబడిన తొట్టినీరు గుఱ్ఱమునకు రుచింపదు; నీరు త్రాగని గుఱ్ఱము ఎండుమేత తినలేదు; బలవంతమున తినెనేని ప్రేవులలో గడ్డి గట్టిపడి శూల పుట్టును. ఈ మర్మము తెలిసినట్లే కౌటిల్యుడు ఉత్తమాశ్వపు దాణాలో ధాన్యముతోబాటు అయిదు పలముల ఉప్పును విధించెను. ఉప్పు తినిన గుఱ్ఱము నీళ్లకై తానే వెదకును. మద్యమును గూడ విధించెను. దానిని ఈ వ్యాఖ్యాత జట్కావాని చెవిని వేయలేదు, దాణాసంచి దాటి అన్యత్ర చేరునను భయముచేత.

సిద్ధాంతము

శాలిహోత్రునినుండి హయలక్షణవిలాసము రచించిన మన మనుమంచి భట్టువరకు అశ్వశాస్త్రమెఱిగినవారు ఎందరో గలరు. కాని ఆనాడు మేనమామగారు వారిలో నొకనినైన స్మరింపలేదు. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగు చెప్పుదురు. జట్కావాని వాక్యము శబ్దప్రమాణము మాత్రమే. మేనమామగారు వంగి, గుప్పెడు గడ్డి తీసి, తాము మూచూచి, నా ముక్కునకు చూపిరి. అది ఘ్రాణజ ప్రత్యక్షము. నేను తుమ్మితిని.

అది గరిక గాదు, వరిగడ్డి. అందును ఆ యేటి సార్వా గడ్డి. కోతలనాడు తుపానువానకు పనలమీదనే తడిసి, పూర్తిగా ఎండకమునుపే మోపులు కట్టబడి, లోపల వేడెక్కి బూజుపట్టి, తెల్లని పొడి రాల్చుచున్న గడ్డి. నూర్పులు ముగిసిన డెల్టాలో మార్గశిర పుష్యములయందు వరిగడ్డికన్న చౌకయైనది మంచు ఒక్కటే. గరికమోపు వెల పెట్టవలసినది. వరిగడ్డి మంచిదైనను గుఱ్ఱమునకు అంతగా పథ్యము గాదు. అందు సత్తువ తక్కువ, ఇసుకవంటి సిలికా ఎక్కువ. నాలుగు కడుపుగదులుండి తినినదానిని మరల నెమరువేయు ఎద్దునకు అది చెల్లును. ఒక్క కడుపుతో నెమరు లేక బ్రతుకు గుఱ్ఱమునకు చెల్లదు. ఇక బూజుగడ్డి శ్వాసకు ఉబ్బసము, ప్రేవులకు శూల. గుఱ్ఱము వాంతి చేసికొనలేని జంతువు. లోనికి పోయినదానిని తిరిగి పంపు దారి లేనందున అది గుమ్మముకడనే విచారణ జరుపును.

ఇట్లు “గడ్డి” శబ్దము శ్లేష. వక్తకు దాని అర్థము వరిగడ్డి, గుఱ్ఱమునకు గరిక. ఒకే పదమునకు ఇద్దఱు ఇట్లు వేర్వేఱు అర్థములు చెప్పుకొనుచుండగా మూడవదియగు చలిమీద నింద పడినది. “చలి కద” అను హేతువు హేత్వాభాసము.

ధ్వని

వాచ్యార్థము ఇట్లుండ, వ్యంగ్యార్థమొకటి మిగిలియున్నది: “గుఱ్ఱము పస్తున్నది, బేడ ఎక్కువ యిప్పించిన ఉలవలు పెట్టుదును” అని. దీనిని తప్పు పట్టరాదు. కోటగుమ్మమునకు నలుగురిని మోసి తెచ్చిన బాడుగలో తన బియ్యమును, గుఱ్ఱపు దాణాయు, నాడాల ఖర్చును పంచుకొనువాడు, పంపకము కుదరనినాడు చౌకగడ్డి కొనును; కొని, ఆ సంగతి చెప్పుకొనలేక ఋతువుపై నెట్టును. ఋతువు బదులు పలుకదు. గుఱ్ఱమును పలుకదు. ఇద్దఱు మూగసాక్షుల నడుమ వాక్యము కట్టుట ఎవ్వరికైనను సులభమే.

తాత్పర్యము

నోరులేనిది మేత మానినపుడు చలిని, గ్రహములను, దాని పొగరును నిందించుటకు ముందు, పెట్టినవాడు తాను పెట్టినదానిని ఒకమారు మూచూడవలెనని భావము.

మేనమామగారు బేడ యిచ్చిరి. జట్కావాడు “ఆయ్” అని, స్టేషను బయట మోపు దింపుకొని కూర్చున్న గడ్డిమనిషి దగ్గఱ గరిక కొని, టీ బడ్డీలో అడిగి తెచ్చిన వేన్నీళ్లు తొట్టిలో కలిపెను. గుఱ్ఱము ముందు నీళ్లు త్రాగినది. తరువాత గరిక తినినది. చలి మాత్రము ఎప్పటివలెనే యుండెను.