గ్రూపులో పెట్టితిరా?

పుస్తకము చదివితివా అని పిల్లల నడుగువారు మా సూళ్లూరుపేటలో నేడు అరుదైరి; చదువుచున్నట్టి ఫోటో గ్రూపులో పెట్టితిరా అని పెద్దల నడుగువారే ఎల్లెడలను కనిపించుచున్నారు. లైబ్రరీ పీరియడులో బీరువా తలుపు తీయుదురు, తలకొక పుస్తకమిత్తురు, నవ్వుమందురు, ఫోటో తీయుదురు, పుస్తకములను మరల బీరువాలో బంధింతురు. టీచరమ్మను నిందించుట పాపము. ఆమెను నిలదీయు గ్రూపు ఆమెకు పైన మరియొకటి కలదు.

మిగిలిన విద్య ఇంటి వంతు. పులికాట్ సరస్సునకు వచ్చు ఫ్లెమింగోలనుగూర్చి నెట్టులో వెదకి, ప్రాజెక్టు చేసి, దానిని పిల్ల చేత పట్టించి, ఫోటో తీసి, రాత్రి ఎనిమిది లోపుగా గ్రూపులో పెట్టవలెను. అటుపై అడ్మిన్లు తప్ప అన్యులు అందు నోరు మెదపుటకు వీలులేదు.

గడువనగా కౌంట్‌డౌన్ జ్ఞప్తికి వచ్చుచున్నది. శ్రీహరికోట పొరుగున కాపురముండువాడు ఆ ప్రస్తావన తేకుండుట అసాధ్యము గనుక పాఠకులు క్షమింతురు గాక. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ఎగురవలసియుండ, ఊరివారమందరము నిద్ర మాని మేడలెక్కి మెడలు నొచ్చునట్లు తూర్పునకు చూచుచుండగా, 56 నిమిషముల 24 సెకన్లు మిగిలియుండగనే సాంకేతిక లోపమని లెక్క నిలిపివేసిరి. ఎవరైనను ఆ రాకెట్టును మందలించిరా? తండ్రి సంతకముతో సంజాయిషీ చీటీ తెమ్మనిరా? తోడి రాకెట్లన్నియు చూచుచుండగా దాని పేరును ఎర్రగీతతో గ్రూపులో ప్రకటించిరా? లేదు. 640 టన్నుల ఆ మహాకాయమును బుజ్జగించి, లోపము సరిచేసి, వారము దినములు గడువిచ్చి, జూలై 22 మధ్యాహ్నము 2 గంటల 43 నిమిషములకు సగౌరవముగా సాగనంపిరి. నా మనుమరాలు 640 టన్నులు తూగకపోవుటయే దాని దౌర్భాగ్యము. కరెంటు పోనిండు, సిగ్నలు పోనిండు, జ్వరమే రానిండు, హోల్డు అను మాటను మా గ్రూపు ఎరుగదు.

ఇంతకును ప్రాజెక్టులు వచ్చినవి. అన్నిటను ఒకటే పక్షి, నిప్పుకణికవలె ఎర్రనిది. అది అమెరికా ఖండపు ఫ్లెమింగో! శీతకాలమున అటకానితిప్ప దారిలో బస్సు కిటికీనుండి మాకు కనబడు పక్షి మేను తెల్లన, అందు లేత గులాబి చాయ. రెక్క విప్పినపుడు గాని తన ఎరుపును చూపదు. టిక్కెట్టు ధరకు ప్రత్యక్షమగు దానిని విడిచి, సముద్రముల కావలి దానిని ప్రింటు తీయించితిమి.

చదువునుగూర్చి ఒకప్పుడు మా ఆశలు వేరుగా నుండెను. 2004 సెప్టెంబరు 20న ఎడ్యుశాట్ శ్రీహరికోటనుండియే ఎగిరినది. 1950 కిలోల ఆ ఉపగ్రహము కేవలము చదువు నిమిత్తము మన దేశము పంపిన మొదటిది. పంతులు లేని పల్లె బడికి పాఠము మింటినుండి దిగుననియు, ఏ మూలనో పిల్లవాడడిగిన ప్రశ్న అదే మింటి దారిని పంతులుగారి చెవిని చేరుననియు నమ్మి, మేడలమీద చప్పట్లు కొట్టినవారిలో నేనొకడను. 2010లో దానికి విశ్రాంతి ఇచ్చిరి. పాఠములకు నేడు కొరత లేదు, అవి అరచేతనే ఉన్నవి. ప్రశ్న పోవు దారి మాత్రము ఎచ్చట పూడినదో నాకు తెలియకున్నది.

ఫోటో పంపిన పిమ్మట మనుమరాలు తన ప్రాజెక్టును తేరిపార చూచి, "తాతా, మన పక్షులు ఇంత ఎర్రంగా లేవే, ఎందుకూ?" అన్నది. ఆ రంగు అవి తిను తిండివలన వచ్చునని మాత్రము చెప్పగలిగి, తక్కినది టీచరమ్మనే అడుగుమని ఫోను చేతికిచ్చితిని. అప్పటికి ఎనిమిది దాటినది.