మా అమ్మమ్మ, మేడమ్ గారు

మా అమ్మమ్మ నెల్లూరులో ఆడపిల్లల కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పేది. ఊరికంతా మేడమ్ గారు. మా ఇంట్లో మాత్రం అసెంబ్లీ.

ఏది తేల్చాలన్నా ఓటింగే. ఆదివారం చేపల పులుసా, పప్పుచారా అని చేతులెత్తించేది. ఓడినవాళ్లు అసమ్మతి కాగితం మీద రాసివ్వాలి. తాతయ్య ఏనాడూ చెయ్యెత్తలేదు. "నేను స్పీకర్ని, నాకు ఓటు లేదు" అనేవాడు. చెరిసగం వస్తే స్పీకరు ఓటే తేలుస్తుందని అమ్మమ్మ రాజ్యాంగం తీసేది. ఆయన కాఫీ పెట్టుకునే నెపంతో వంటింట్లోకి జారుకునేవాడు. ఆమె దాన్ని వాకౌట్‌గా రాసుకునేది.

సారా ఉద్యమంలో ఈ అసెంబ్లీ రోడ్డెక్కింది. కలిగిరి దగ్గర దూబగుంటలో వర్ధినేని రోశమ్మా, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లూ సారా దుకాణం మూయించారు. 1992కల్లా జిల్లా అంతా అంటుకుంది. సారా పాటలు జరగనివ్వమని కలెక్టరాఫీసు ముందు కూర్చున్నవాళ్లలో అమ్మమ్మా ఉంది. ఊరికే కూర్చుంటే ఆమె అమ్మమ్మ ఎందుకవుతుంది? హాజరు తీసుకుంది. నిన్న బండెడు మంది వచ్చిన పల్లె నుంచి ఇవాళ నలుగురే వచ్చారేమని నిలదీసింది. "నాట్లమ్మా" అన్నారు వాళ్లు. సెలవు చీటీ అడగలేదు గానీ, అడిగినంత చూపు చూసింది. బ్యానరు మీద "నిషేదించాలి" అని కనబడితే సంచీలోంచి ఎర్ర పెన్ను తీసింది. గుడ్డ మీద పెన్ను సాగకపోతే, పక్కావిడ కుంకుమ భరిణె పుచ్చుకుని ద కింద ఒత్తు పెట్టింది.

అరెస్టు చెయ్యడానికి వచ్చిన కానిస్టేబులమ్మాయి ఆమె పాత విద్యార్థినే.

"వ్యాను ఎక్కండి మేడమ్."

"పంతొమ్మిదో అధికరణం చెప్పు, ఎక్కుతాను."

పాపం ఆ పిల్ల ఆరు స్వేచ్ఛల్లో నాలుగు చెప్పగలిగింది. ఎండ దృష్ట్యా అమ్మమ్మ పాసు మార్కులిచ్చి ఎక్కింది.

1993లో సారా పోయింది. వారుణి వాహిని పేరుతో ప్యాకెట్ల సారా పారించిన ఎన్టీ రామారావే 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. "సప్లిమెంటరీలో పాసు" అంది అమ్మమ్మ. 1997లో దాన్ని ఎత్తేసినప్పుడు ఏమందో మాత్రం అచ్చులో పెట్టలేను.

అసలు కథ ఆస్తిది. ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్లకూ పుట్టుకతో హక్కు ఉండాలని ఆమె ఊరూరా సభల్లో గొంతు చించుకుంది. మన రాష్ట్రం ఆ చట్టం చేసింది. అమల్లోకి వచ్చిన తేదీ 1985 సెప్టెంబరు 5, సాక్షాత్తూ ఉపాధ్యాయ దినోత్సవం. మెలికేమిటంటే, అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించదు. ఉపాధ్యాయులందరిలో మా అమ్మమ్మకే ఇంత మంచి కానుక అందింది!

వాళ్లన్నయ్య మలై కాజా పొట్లం పట్టుకొచ్చి, "చట్టం చాలా బాగుందమ్మా" అన్నాడట. ఆమె కాజా తిని, చెయ్యి కడుక్కుని, పెళ్లి చేసుకోని చెల్లెల్ని వెంటబెట్టుకుని గెజిట్ కాపీతో ఆయన గడప ఎక్కింది. చిన్నమ్మమ్మకు మూడెకరాల మాగాణి వచ్చింది. ఆ తర్వాత మా ఇంటికి కాజాలు రాలేదు.

2005లో కేంద్రం ఆ మెలిక తీసేసింది. అప్పటికి అన్నదమ్ములు పంపకాలు ఎప్పుడో రిజిస్టరు చేసేసుకున్నారు. ఆమెకు సెంటు కూడా మిగల్లేదు. "నా కోసం చట్టం చెయ్యమన్నానా? బాగా రాయమన్నాను" అంది. ఆ చట్టం కాపీ అంచుల నిండా ఎర్ర సిరాయే.

ఆమె పోయాక పుస్తకాలన్నీ మా ముందుగదిలో బీరువాల్లో ఉన్నాయి. ఏ కాలేజీకైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్లండి. ఊరికే ఇస్తాం. తలుపు పక్కన రిజిస్టరులో సంతకం మాత్రం పెట్టాలి. లేకపోతే తాతయ్య ఒప్పుకోడు.