స్టెప్నీ దండగ

కేంద్ర రోడ్డు రవాణా శాఖ వారు మన కారు డిక్కీ ఖాళీ చేయించారు. 2020 జులై 20 తేదీతో వచ్చిన నోటిఫికేషన్ మీరూ చూసే ఉంటారు. తొమ్మిది సీట్ల వరకూ ఉన్న బండికి ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే మీటరు, కన్నం పూడ్చే జిగురు కిట్టు ఉంటే చాలట. స్టెప్నీ అక్కర్లేదట. అది తీసేసిన చోట ఎలక్ట్రిక్ కార్లలో ఇంకాస్త పెద్ద బ్యాటరీ పెట్టుకోవచ్చట.

ఇందులోని తత్వం నాకు తెగ నచ్చింది. ఆపద వచ్చిందని తెలిస్తే చాలు, గట్టెక్కే సాధనం ఉండనక్కర్లేదు. ఇన్నాళ్లూ మనం జాకీ ఎత్తి, నట్లు విప్పి, బట్టలకు మసి పూసుకుని, చక్రం మార్చి ముహూర్తానికి చేరేవాళ్లం. ఎంత అనాగరికం! ఇకమీదట లంకెలపాలెం దాటాక టైరు పక్కవాటుగా చీలిందనుకోండి. డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. జిగురు సీసా తీస్తారు. అది మేకు కన్నానికి పనికొస్తుంది గానీ పక్క చీలితే ఏమీ చెయ్యలేదు. అనకాపల్లిలో తాళి కట్టేస్తారు. పట్టుమని యాభై మందిని కూడా పిలవని పెళ్లి, అందులో మీకో పిలుపు! అయితేనేం, ఎందుకు వెళ్లలేకపోయారో మీకు కచ్చితంగా తెలుసు. ఆ దీపం ఇంకా వెలుగుతూనే ఉంటుంది.

గాజువాక ఆటోనగర్ దగ్గర పంక్చర్లు వేసే ఆయనకు ఈ వార్త చెప్పాను. ‘కన్నం పడిందని తెలిస్తే గాలి ఆగిపోద్దేటి బాబూ?’ అన్నాడు. పాపం, ఢిల్లీ నోటిఫికేషన్లు చదవడు.

ఇంత గొప్ప సూత్రాన్ని కార్లతో ఆపేయడం అన్యాయం. మన విశాఖ పోర్టుకొచ్చే ఓడల మీద లైఫ్‌బోట్లు దేనికి? ప్రతి గదిలోనూ నీళ్లు ఎంత లోతుకు వచ్చాయో చెప్పే మీటరు బిగిస్తే పోలేదా? ఖాళీ అయిన చోట ఇంకో నాలుగు కంటైనర్లు పడతాయి. ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లే మరబోట్లలో లైఫ్ జాకెట్లు తీయించి, ‘మీరు మునుగుతున్నారు’ అని తెలుగులో చెప్పే పెట్టె ఒకటివ్వాలి. అంటుకుందని గంట మోగాక ఫైరింజనెందుకు, పెట్రోలు దండగ! వంటింట్లో రెండో గ్యాస్ బండా అంతే. మొదటిది అయిపోయిందన్న కబురు ఠంచనుగా అందాక, ఆ పూట అన్నం కూడా కావాలంటే అది అత్యాశ.

ఈ విద్యలో నిజానికి మన ఊరే దేశానికి గురువు. ఉక్కు ఫ్యాక్టరీని సొంత ఇనుప గని లేకుండానే దశాబ్దాలుగా నడిపిస్తున్నారు. కేకే రైల్వే లైను మీద బైలదిల్లా ఖనిజం కొని తెచ్చుకోవాలి. ధర పెరిగితే బ్యాలెన్స్ షీట్ అనే మీటరు ఎర్రగా వెలుగుతుంది. దాన్ని చూసి ఫ్యాక్టరీ వాళ్లకు పని చేతకాదంటారు. గని సంగతి ఎవరూ ఎత్తరు.

2020 మే 7న విషవాయువు లీకైనప్పుడు ఆర్.ఆర్. వెంకటాపురంలోనూ స్టెప్నీ లేదు. స్టైరీన్ తనంతట తాను ముద్దకట్టి వేడెక్కకుండా ఆపే టీబీసీ అనే మందు అక్కడి ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ దగ్గర నిల్వ లేదని, ఆ ఏడాది జులై 6న అప్పటి ముఖ్యమంత్రికి అందిన హైపవర్ కమిటీ నివేదికే చెప్పింది. మీటరుందా అంటే ఉంది. ట్యాంకు అడుగున ఉంది. పైన స్టైరీన్ కుతకుతలాడుతున్న సంగతి దానికి తెలియదు. పన్నెండు మంది పోయారు. తర్వాతైనా ఎవరికైనా బుద్ధొచ్చిందా? పరవాడ ఫార్మాసిటీ ప్రమాదాల్లో జూన్ 29 రాత్రి ఇద్దరు, జులై 13 రాత్రి ఒకరు.

ఖర్చు తగ్గించాలనుకున్న ప్రతివాడూ ముందు స్టెప్నీ మీదే చెయ్యి వేస్తాడు. అది రోజూ ఊరికే పడి ఉంటుంది గదా! దాన్ని పీకేసిన లాభం వాళ్ల ఖాతాలోకి పోతుంది, నడిరోడ్డు మీద నిలబడేది మనం. వెంకటాపురంలో తెల్లవారుజామున పిల్లల్ని భుజాన వేసుకుని, ఎటు పరిగెత్తాలో తెలియక పడిపోయింది మనవాళ్లే. పోనీ వాళ్లకు కనీసం ఆపద వచ్చిందన్న కబురైనా అందిందా?

ఎల్జీ పాలిమర్స్‌లో సైరన్ మోగించడానికి గేటుతో కలిపి 36 చోట్ల మీటలున్నాయి. ఆ తెల్లవారుజామున ఒక్కటీ ఎవరూ నొక్కలేదు.