గుమ్మం ముందు మండలం

1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలను విడగొట్టి మండలాలు పెట్టినప్పుడు చెప్పిన మాట సబబైనదే. పల్లెటూరి మనిషి కాగితం ముక్క కోసం సద్ది కట్టుకుని తాలూకా కేంద్రానికి పోనక్కర్లేదు, ఆఫీసే అతని దగ్గరికి వస్తుందన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 1,100కు పైగా ఆఫీసులు అలా బయల్దేరాయి. వచ్చాయి కూడా.

తెలంగాణలో 2016 దసరాకు అవి మరింత దగ్గరికి జరిగాయి. 10 జిల్లాలు 31 అయ్యాయి, కొత్తగా 125 మండలాలు పుట్టాయి. 2019లో ములుగు, నారాయణపేట కూడా కలిసి జిల్లాలు 33కు చేరాయి. రైతు అరుగు దిగకుండానే అతని జిల్లా మారిపోయింది. ఆధార్‌లో పాత జిల్లా, పాస్‌బుక్కులో కొత్త జిల్లా. ఇద్దరూ తానేనని రుజువు చేసుకోవడానికి మధ్యలో ఒక అఫిడవిట్.

దూరం తగ్గిన మాట నిజం. పూర్వం 40 కిలోమీటర్లు ఒకసారి పోయేవాడు, ఇప్పుడు 4 కిలోమీటర్లు పదిసార్లు పోతున్నాడు. మొత్తం మీద లెక్క తప్పలేదు.

"తహసీల్దార్ సార్ ఉన్నడా?"

"మీటింగుకు పోయిండు."

మర్నాడు వీడియో కాన్ఫరెన్స్. ఆపై మంత్రిగారి పర్యటన, దాని వెనకే ఓటర్ల జాబితా. అన్నీ గట్టెక్కి సారు కుర్చీలో కనబడిన రోజున సర్వర్ ఉండదు. రెండూ ఒకేసారి దొరికిన శుభదినాన మాత్రం సారు జాలిగా చూసి అసలు సంగతి చెప్పేవారు: "నీ ఫైలు నా లాగిన్‌ల లేదు పెద్దాయనా, కలెక్టర్ లాగిన్‌ల ఉంది."

ఇదే ధరణి మహిమ. 2020లో ఊరి రెవెన్యూ ఉద్యోగులైన వీఆర్వోలను రద్దు చేసి, భూముల లెక్కలన్నీ ఆ పోర్టల్‌కు అప్పగించారు. రిజిస్ట్రేషన్ మండలానికే వచ్చింది. బాగుంది. పేరులో ఒక అక్షరం తప్పుపడితే దిద్దే అధికారం మాత్రం కలెక్టరేట్ మెట్లెక్కి కూర్చుంది. బడి మెట్లెక్కని రైతుకు కూడా 'టీఎం 33' అనే దరఖాస్తు పేరు కంఠతా వచ్చింది. నలభై ఏళ్ల వికేంద్రీకరణ చరిత్ర ఇంతే. ఆఫీసు ఒక అడుగు దగ్గరికి వేస్తే, సంతకం రెండడుగులు దూరం జరుగుతుంది.

తహసీల్దారును తిట్టి లాభం లేదు. కులం, ఆదాయం, రేషన్, వరద, ఎన్నిక, ఇసుక లారీ, కల్యాణలక్ష్మి చెక్కు... అన్నిటికీ ఆయనే. ఊళ్లో ఏ తప్పు జరిగినా బాధ్యుడు, ఏ తప్పు దిద్దాలన్నా పైవాళ్లను అడగాల్సిన మనిషి.

2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. రద్దయిన ఊరి రెవెన్యూ ఉద్యోగి గ్రామ పాలనాధికారి పేరుతో మళ్లీ ఊళ్లోకి దిగాడు. కొన్ని అధికారాలు కిందికి దిగాయంటున్నారు. మంచిదే, దిగినవి దారిలో ఎక్కడా ఆగకుండా ఉంటే చాలు.

ఇక ప్రభుత్వానికి మిగిలిన సంస్కరణ ఒక్కటే. ప్రతి రైతు ఇంటినీ ఒక మండలంగా ప్రకటించి, ఆ రైతునే తహసీల్దారుగా నియమించాలి. అప్పుడైనా పని అవుతుందా అంటే పూచీ ఇవ్వలేం. మనం వెళ్లేసరికి ఆయన కలెక్టరేట్‌లో మీటింగుకు పోయి ఉంటాడు.