మా బావమరిది కనిపెట్టిన బ్యాండు

పెళ్ళిచూపుల్లో మా మామగారు కొడుకుని పరిచయం చేస్తూ "వీడికి సంగీతమంటే ప్రాణమండీ" అన్నారు. ఎవరి ప్రాణమో చెప్పలేదు.

అప్పటికి మావాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం, కొండాపూర్‌లో కాపురం, చెవులకి ఎప్పుడూ హెడ్‌ఫోన్లు. మనిషి మంచివాడే. అప్పడిగితే లేదనడు, ఆసుపత్రికి తోడు రమ్మంటే సెలవు పెట్టి మరీ వస్తాడు. ఉన్నది ఒక్కటే జబ్బు. లోకంలో ఎవరికీ తెలియని బ్యాండు వేసిన తొలి ఆల్బమ్‌ని అందరికంటే ముందు తనే కనిపెట్టాలి. కనిపెట్టాక మనకి వినిపించాలి. విన్నాక మనం ఏదో ఒకటి అనాలి. ఈ మూడో ఘట్టం దగ్గరే చుట్టరికాలు చెడేది.

"బాగుంది" అంటే ఒప్పుకోడు. "ఏం బాగుంది?" అని నిలదీస్తాడు. గిటారు బాగుందంటే "ఏ గిటారు? ఎడమ చెవిలోదా, కుడి చెవిలోదా?" అంటాడు. దేవుడు మనకి రెండు చెవులు ఎందుకిచ్చాడో అప్పుడు తెలుస్తుంది.

ఆల్బమ్ దొరికేది ఎప్పుడూ రాత్రి పదకొండు దాటాకే. ఫోను మోగుతుంది. "బావా, దొరికింది!" ఉత్సాహంలో ఉంటే నేను బావని, అలిగితే బావగారిని. మేనల్లుడికి స్కూల్లో సీటు దొరికిందేమోనని మా ఆవిడ లేచి కూచుంటుంది. సీటు కాదు. ఏదో చలిదేశంలో, మ్యాపులో వెతుక్కోవాల్సిన ఊళ్ళో ముగ్గురు కుర్రాళ్ళు. రెండు అకౌస్టిక్ గిటార్లు, ఒక డోలు, ఊపిరి పీల్చిన చప్పుడుతో సహా పడగ్గదిలో రికార్డు చేసుకున్న పాటలు. "పడగ్గది" అనేటప్పుడు మావాడి గొంతు గర్భగుడిలో పూజారి గొంతులా దిగిపోతుంది.

పాట వినేముందు దాన్ని ఎంతమంది విన్నారో చూస్తాడు. అంకె వందల్లో ఉంటే కళ్ళు మెరుస్తాయి. వేలల్లో ఉంటే గడ్డం గోక్కుంటాడు. లక్ష దాటిందా, ఇక ఆ పాట వినడు, పొరపాటున చెవిన పడితే దులుపుకుంటాడు.

సంక్రాంతికి అందరం కార్లో విజయవాడ బయల్దేరితే బ్లూటూత్ మావాడి చేతిలో ఉంటుంది. మామగారు ఘంటసాల పెట్టమంటారు. "చౌటుప్పల్ దాటాక పెడతా నాన్నా" అంటాడు. చౌటుప్పల్ దాటాక నకిరేకల్ అంటాడు, నకిరేకల్ దాటాక సూర్యాపేట. మొన్న సంక్రాంతికి ఆయన్ని వయొలెంట్ ఫెమ్స్ అనే బ్యాండుకి అప్పగించాడు.

"అమెరికాలో మిల్వాకీ అని ఊరు నాన్నా. 1981లో వీళ్ళు ఓరియంటల్ థియేటర్ ముందు రోడ్డు మీద వాయించుకుంటున్నారు. ఆ రాత్రి లోపల ప్రిటెండర్స్ అనే పెద్ద బ్యాండు కచేరీ. ఆ బ్యాండు గిటారిస్టు జేమ్స్ హనీమన్ స్కాట్ వీళ్ళని విన్నాడు. అంతే, ఆ రాత్రే తీసుకెళ్ళి లోపల స్టేజీ ఎక్కించారు."

"టిక్కెట్టు కొన్నవాళ్ళు ఊరుకున్నారా?" అన్నారు మామగారు.

"వీళ్ళకి పెద్ద డ్రమ్ సెట్టు ఉండదు నాన్నా. బాసు గిటారు కూడా అకౌస్టిక్కే. డ్రమ్మరు నిలబడి వాయిస్తాడు. ఒక డ్రమ్ము మీద ఇనప తట్ట బోర్లించి దాని మీద వాయిస్తాడు. దానికి ట్రాన్సాఫోన్ అని పేరు కూడా పెట్టుకున్నారు."

మామగారు కాసేపు ఆలోచించారు. "తట్టంటే కాంక్రీటు మోసే తట్టలాంటిదేనా? మన మేస్త్రీ దగ్గర బోలెడున్నాయి కదరా. ఇన్నాళ్ళూ తెలీక సిమెంటు మోయించాం."

మావాడు ఇవేమీ పట్టించుకోడు. వేలు పైకెత్తి "ఇక్కడ, ఇక్కడ వినండి" అని వాల్యూము పెంచాడు. కార్లో అందరం బిగుసుకుపోయాం. కిర్రుమని ఒక చప్పుడు. నేను టైరేమోనని అద్దంలోకి చూశాను. "విన్నారా? ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్ళేటప్పుడు తీగ మీద వేలు జారింది. ఇవాళ్టి స్టూడియోల్లో అయితే దీన్ని చెరిపేస్తారు!" చెరిపేసే ఆ మహానుభావులెవరో తెలిస్తే మామగారు శాలువా కప్పేలా ఉన్నారు.

ఇలాంటివాడు ప్రేమించిన బ్యాండు బాగుపడకూడదు. జస్టిన్ వెర్నన్ అనే ఆయన విస్కాన్సిన్‌లో తండ్రి వేటకి వెళ్ళినప్పుడు ఉండే చెక్క ఇంట్లో చలికాలమంతా ఒంటరిగా కూచుని పాటలు కట్టాడు. బోన్ ఇవేర్ అని పేరు పెట్టుకుని 2007లో 500 సీడీలు తనే వేయించుకున్నాడు. ఈ కథ మావాడు చెబుతుంటే మనకీ చలి వేస్తుంది. మరుసటేడు ఒక రికార్డు కంపెనీ ఆ ఆల్బమ్‌ని మళ్ళీ విడుదల చేసింది. 2012లో కొత్త కళాకారులకిచ్చే గ్రామీ బహుమతి ఆ బ్యాండుకే వచ్చింది. వార్త చదివి మావాడు పేపరు పక్కన పెట్టి "పోయాడు బావా" అన్నాడు. వంటింట్లోంచి మా అత్తగారు "అయ్యో, ఎంత వయసు?" అన్నారు. ఆ 500 సీడీల్లో ఒక్కటీ వీడి దగ్గర లేదు. కానీ ఆ సీడీలు విన్నవాళ్ళలో తనూ ఒకణ్ణన్న నమ్మకం మాత్రం చాలా గట్టిది.

స్వదేశీ బ్యాండ్లకీ ఇదే మర్యాద. ఇండియన్ ఓషన్ పేరెత్తితే ఎవరైనా 2000లో వచ్చిన 'కందిస' గురించి మాట్లాడతారు. మావాడు జాలిగా చూసి "1993లో వాళ్ళ మొదటి క్యాసెట్టు విన్నారా? సుస్మిత్ సేన్ గిటారు, అశీమ్ చక్రవర్తి తబలా!" అంటాడు. 1993లో వీడు రెండో తరగతి. ఎఫ్ఎమ్‌లో 'గ్యాంగ్‌స్టర్' సినిమాలోని 'భీగీ భీగీ' వస్తే ఎవర్నీ విననివ్వడు. అసలది మొహీనేర్ ఘోడాగులి అనే కలకత్తా బ్యాండుదనీ, వాళ్ళు 1977లో తొలి రికార్డు వేస్తే జనం పట్టించుకోలేదనీ, 1981కల్లా విడిపోయారనీ, తొంభైల్లో కాలేజీ పిల్లలు నెత్తిన పెట్టుకున్నారనీ చెబుతాడు. అంతా నిజమే. చెప్పడం అయ్యేసరికి పాట కూడా అయిపోతుంది.

ఇంతా చేసి మావాడిది ఉత్త గొప్పలు చెప్పుకునే రకమా అంటే, అదీ కాదు. బ్యాండ్‌క్యాంప్ అని ఒక సైటుంది. బ్యాండ్లు తమ పాటలు నేరుగా అక్కడే అమ్ముకోవచ్చు. కరోనా వచ్చిన 2020లో కొన్ని శుక్రవారాలు తన కమీషన్ వదులుకుని డబ్బు కళాకారులకే వెళ్ళేలా చేసింది. అప్పట్నుంచీ మావాడికి శుక్రవారం పర్వదినం. తల్లి లక్ష్మీపూజ చేస్తుంటే కొడుకు పక్కగదిలో లక్ష్మిని విదేశాలకు సాగనంపుతుంటాడు. వచ్చేవన్నీ క్యాసెట్లు. క్యాసెట్టు కంటే పోస్టు ఖర్చు ఎక్కువ. ఇంట్లో క్యాసెట్ ప్లేయరు లేదు. వాటిని విప్పకుండా అల్మరాలో వరసగా పేర్చాడు. ఎందుకురా అంటే "వినడానికి ఫోనుంది కదా బావా. ఆ పిల్లలు రెండో ఆల్బమ్ వెయ్యాలంటే మొదటిది ఎవరో ఒకరు కొనాలి కదా" అన్నాడు. ఇలాంటి మాటొకటి మధ్యలో అంటాడు కాబట్టే వీణ్ణి పూర్తిగా తిట్టడానికి నోరు రాదు.

చిక్కంతా ఎక్కడంటే, ఆ బ్యాండుని అందరూ వినాలి, కానీ అదెవరికీ తెలియకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో వాడికీ తెలీదు. మనం వినకపోతే ఏడుపు, విని ఇంకొకరికి చెబితే ఇంకా ఏడుపు. ఆమధ్య ఆ చలిదేశపు కుర్రాళ్ళ పాటని మా అమ్మాయి బాల్కనీలోంచి వానని తీసిన రీలుకి పెట్టింది. దాని స్నేహితులు తలా ఒక రీలుకి తగిలించారు. వారం తిరక్కుండా ఫోను. "బావగారూ, అమ్మాయికి కాస్త చెప్పుకోవాల్సింది." ఏమైందిరా అంటే "వెయ్యి దాటింది" అన్నాడు, డెంగీ జ్వరంలో ప్లేట్‌లెట్ల లెక్క చెప్పేవాళ్ళ గొంతుతో.

ఆ పూట నేను వాడి వయొలెంట్ ఫెమ్స్ కథే వాడికి అప్పజెప్పాను. డ్రమ్మరు తండ్రి దగ్గర పదివేల డాలర్లు అప్పు తీసుకుని తీసిన ఆ తొలి ఆల్బమ్ 1983లో వచ్చింది. అమెరికా పెద్ద చార్టులో కనిపించలేదు. ఏళ్ళు గడిచాయి. 1991లో ప్లాటినం అయింది, అంటే అమెరికాలో పది లక్షలు పోయిందన్నమాట. బిల్‌బోర్డ్ 200 జాబితా దాన్ని ఆ తర్వాతగానీ గుర్తించలేదు. అప్పుడు కూడా ఎక్కడో 171వ మెట్టు మీద. ఎవరి కంటా పడకుండా పది లక్షలు ఎలా అమ్ముడుపోయిందిరా? నీలాంటి బావమరిది ఊరికొకడు ఉండబట్టి. అర్ధరాత్రి ఫోను చేసి, కార్లో వాల్యూము పెంచి, బంధువుల చేత "బాగుంది" అనిపించేదాకా వదలకపోబట్టి. ఈ మాటకి పొంగిపోతాడనుకున్నాను. "పది లక్షల మందా..." అని నీరసంగా అని ఫోను పెట్టేశాడు.

మర్నాడు తేరుకుని నామీదికే వచ్చాడు. "నన్నంటారు గానీ బావగారూ, మీరేం తక్కువ? ఎవరైనా 'మిస్సమ్మ' పాట అందుకుంటే మీరేమంటారు?" ఏమంటానో నాకు తెలుసు. "సాలూరి వారి సినిమా పాటలదేముందండీ, రావు బాలసరస్వతితో కలిసి ఆయన పాడిన ప్రైవేటు గ్రామఫోను పాటలు విన్నారా?" అంటాను. అనేటప్పుడు నా మొహం కూడా జాలిగానే ఉంటుందట, మా ఆవిడ సాక్ష్యం. ఎదుటివాళ్ళు వినలేదంటే లోపల ఎక్కడో చల్లగా ఉంటుంది. విన్నామంటే మాత్రం ఏ పాటలు విన్నారో అడిగి పరీక్ష పెడతాను. ఇలా చెల్లెలి పెళ్ళి రిసెప్షన్లో తప్పించుకుపోయిన పెద్దమనిషి ఒకాయన ఇప్పటికీ నన్ను చూస్తే రోడ్డు దాటేస్తాడు.

నిన్న రాత్రి మావాడు మళ్ళీ ఒక పాట పంపాడు. ఈసారి బ్యాండు పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు, ఫైలుకి 'అ' అని పేరు మార్చి పంపాడు. వద్దనుకుంటూనే విన్నాను. ఒకే గిటారు, వెనక సన్నగా ఇద్దరి గొంతులు, మధ్యలో వాడికిష్టమైన ఆ కిర్రు. బాగుంది. ఏం బాగుందో కూడా చెప్పగలను, కుడి చెవిలోది. పొద్దున్నించీ ఆ బ్యాండు పేరు కోసం ఫోను చేస్తూనే ఉన్నాను. నాలుగోసారికి ఎత్తి, "చెబుతా గానీ బావగారూ, పక్కన అమ్మాయి ఉందా?" అన్నాడు.